టీవీ ఈలే కొలబద్ద: పాత సీరియల్ టైటిల్ పాటలను టేపుల్లోంచి దించిన డైరీ

1980ల చివర, 1990ల్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న టైటిల్ పాటలు, వీసీఆర్‌తో రికార్డు చేసుకున్న సీరియళ్లు ఇంకా చాలా ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించటం తేలిక. అప్పట్లో విన్న శ్రుతిలోనే ఎక్కించటం కష్టం. పాట రెండు శాతం నెమ్మదిగా నడిస్తే చాలు, వినేవాళ్లకు ఏదో తేడా తెలుస్తుంది, ఏమిటో మాత్రం చెప్పలేరు. అందుకే ఈ డైరీలో ఎక్కువ చోటు వేగానికే ఇచ్చాం. ఆ వేగాన్ని కొలవటానికి దొరికిన మంచి కొలబద్ద, పాత టీవీ వేసే సన్నటి ఈల. గరగరలు తీసెయ్యటం దాని తర్వాతి పని.

దశ 1: సరుకు లెక్క

సీ-60 క్యాసెట్లు 12, సీ-90 క్యాసెట్లు 5, ఈ-180 వీహెచ్‌ఎస్ టేపులు 4. అన్నీ ఇళ్లలో రికార్డు చేసినవే, కంపెనీ క్యాసెట్ ఒక్కటీ లేదు.

పైన రాసిన పేర్లను నమ్మి ఏదీ పక్కన పెట్టొద్దు. ‘భక్తి పాటలు’ అని రాసి ఉన్న క్యాసెట్ రెండో వైపు మహాభారత్ టైటిల్ దొరికింది. ఈ సరుకులో బయటపడినవి: ప్రసారం మొదట్లో వచ్చే దూరదర్శన్ బాణీ (రవిశంకర్ కూర్చినది, అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ షెహనాయి), రవీంద్ర జైన్ సంగీతం చేసిన రామాయణ్, రాజ్‌కమల్ సంగీతంలో మహేంద్ర కపూర్ పాడిన మహాభారత్ టైటిల్, ఎల్.వైద్యనాథన్ మాల్గుడి డేస్, ఎల్.సుబ్రమణ్యం సురభి, హైదరాబాద్ దూరదర్శన్‌లో మంజులా నాయుడు తీసిన ఋతురాగాలు, 2001లో జెమినిలో మొదలైన అమృతం (కళ్యాణి మాలిక్ బాణీ), ఇంకొన్ని చిన్నాచితకా.

ఒకే పాట ఎన్ని చోట్ల ఉందో ముందే రాసుకోవాలి. రామాయణ్ 1987 జనవరి 25న మొదలై 78 భాగాలు నడిచింది. మహాభారత్ 1988 అక్టోబరు 2న మొదలై 94 భాగాలు నడిచింది. ప్రతి ఆదివారం అదే టైటిల్. ఇంట్లోవాళ్లు నాలుగైదు వారాలు రికార్డు చేసి ఉంటే ఒకే పాటకు నాలుగైదు నకళ్లు దొరికినట్టే. దశ 7లో ఇవి ఎంతో అక్కరకొచ్చాయి.

*మొత్తం ఇప్పటికి: క్యాసెట్లు 1,170 నిమిషాలు, వీహెచ్‌ఎస్ 720 నిమిషాలు. కలిపి 31 గంటల 30 నిమిషాలు. ఖర్చు: సున్నా.*

దశ 2: టేపుకు వైద్యం

ఏ క్యాసెట్‌నూ నేరుగా డెక్కులో పెట్టొద్దు. ముందు చూడాల్సినవి, ఈ వరుసలోనే:

1. క్యాసెట్ మధ్యలో టేపు హెడ్డుకు ఆనే చోట రాగి పట్టీ మీద చిన్న ఫెల్టు మెత్త ఉంటుంది. జిగురు ఎండిపోయి ఊడుతుంది. మెత్త లేకపోతే ధ్వని మూగబోయి, ఆగి ఆగి వస్తుంది. ఐదు క్యాసెట్లలో ఊడిపోయింది. పాడైన క్యాసెట్ నుంచి మెత్త తీసి, రబ్బరు ఆధారిత జిగురు సూదిమొన అంత పెట్టి అంటించాలి. సూపర్ గ్లూ వద్దు, అది మెత్తలోకి ఇంకి రాయిలా గట్టిపడి టేపును గీస్తుంది.
2. టేపు చుట్ట అంచు చదునుగా ఉందా? ఎగుడుదిగుడుగా ఉంటే ఒకసారి చివరిదాకా ముందుకూ, మళ్లీ మొదటిదాకా వెనక్కూ చుట్టాలి. వేగంగా చుట్టే బదులు మామూలు ప్లే వేగంతో తిప్పితే చుట్ట సర్దుకుంటుంది.
3. మొదట్లో ఉండే రంగు లీడర్ దగ్గర తెగిందా? 3.81 మిల్లీమీటర్ల వెడల్పు స్ప్లైసింగ్ టేపు మాత్రమే వాడాలి. మామూలు సెల్లోటేపు జిగురు వేసవిలో పక్కకు కారి తర్వాతి చుట్టకు అంటుకుంటుంది. గతంలో సెల్లోటేపుతో అతికించినది ఒకటి వచ్చింది. ఆ అతుకు తీసి, టేపు రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు కత్తిరించాల్సి వచ్చింది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు కాబట్టి పోయింది సెకను లోపే.
4. స్క్రూలు లేని, అతికించిన డబ్బాలను బ్లేడుతో చీల్చి, టేపును ఐదు స్క్రూల డబ్బాలోకి మార్చాలి. అలా మార్చినవి మూడు.

వీహెచ్‌ఎస్‌లో భయపడాల్సింది బూజుకు. టేపు డబ్బా మీది కిటికీలోంచి చుట్ట పక్కకు చూస్తే తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన టేపుల్లో ఇది మామూలు. బూజు టేపును ఒక్కసారి వీసీఆర్‌లో నడిపితే బూజు హెడ్డు డ్రమ్ముకు పట్టి తర్వాతి టేపులన్నిటికీ అంటుతుంది. అందుకని ఇలాంటివాటికి ఒక పాత వీసీఆర్‌ను కేటాయించి, గుడ్డ పట్టీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి టేపు దారిలో ఆనించి, చివరిదాకా తిప్పి తుడవాలి. ఆరిన తర్వాతే మంచి వీసీఆర్. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, కిటికీ తెరిచి ఉంచాలి.

ఒక సీ-90 టేపు పొడవునా ముడతలు పడి ఉంది. సీ-90లో టేపు పలచన, అందుకే ముందు పోయేవి ఇవే. దాన్ని పక్కన పెట్టేశాం.

*మొత్తం ఇప్పటికి: క్యాసెట్లు 16, వీహెచ్‌ఎస్ 4, మిగిలిన నిడివి 1,800 నిమిషాలు. ఖర్చు: ఆల్కహాల్ 300, స్ప్లైసింగ్ టేపు 400. మొత్తం 700 రూపాయలు.*

దశ 3: డెక్కు

రెండు హెడ్ల మామూలు స్టీరియో డెక్కు సరిపోతుంది. యూఎస్‌బీ తీగతో వచ్చే చవక క్యాసెట్ ప్లేయర్లు ఈ పనికి పనికిరావు. వాటిలో వేగం ఊగిసలాడుతుంది, హెడ్డు వంపు (అజిమత్) సరిచేసే స్క్రూ అందదు, లోపలి చిప్ గరగర టేపు గరగరను మించి ఉంటుంది.

పాత డెక్కులో ముందు మార్చాల్సింది బెల్టు. మూలపడి ఉన్న డెక్కుల్లో బెల్టు కరిగి తారులా మారుతుంది. పుల్లీల మీది ఆ జిగురును ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవాలి, కాస్త మిగిలినా కొత్త బెల్టు జారుతుంది. కొలత తీసేటప్పుడు బెల్టు సాగి ఉంటుంది కాబట్టి, చుట్టుకొలతలో ఐదు శాతం తగ్గించి కొనాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి. పాత బెల్టు ముక్క, పించ్ రోలర్ (టేపును నొక్కి లాగే రబ్బరు చక్రం) వెంట తీసుకెళ్తే మాటలతో పని ఉండదు.

వేగం చూడటానికి 3,150 హెర్ట్జ్ టోను ఉన్న పరీక్ష క్యాసెట్ కావాలి.

- పాత బెల్టుతో: 3,213 హెర్ట్జ్. రెండు శాతం వేగం ఎక్కువ.
- కొత్త బెల్టు, కొత్త పించ్ రోలర్‌తో: 3,178.
- 20 నిమిషాలు వేడెక్కనిచ్చాక మోటారు వెనక రంధ్రంలోని స్క్రూ తిప్పి: 3,151.

ఆ స్క్రూకు ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడాలి. వేడెక్కకముందు సరిచేస్తే అరగంటకు మళ్లీ తప్పుతుంది. కంపించే తేడా, అంటే వావ్ అండ్ ఫ్లటర్, 0.14 శాతం వచ్చింది. ఈ వయసు డెక్కుకు అది మంచి అంకె.

దశ 6లో ప్రతి పాట వేగాన్నీ విడిగా కొలుస్తాం కదా, డెక్కును ఇంతగా సరిచేయటం ఎందుకు అంటారా? కొన్ని టేపుల్లో కొలబద్దే దొరకదు. అప్పుడు కనీసం మన డెక్కు వల్ల వచ్చే తప్పు లేకుండా ఉంటుంది.

*ఖర్చు: బెల్టు 180, పించ్ రోలర్ 250, పరీక్ష క్యాసెట్ 1,200, పాత రెండు ఛానళ్ల యూఎస్‌బీ ఆడియో పెట్టె 4,500. మొత్తం ఇప్పటికి 6,830 రూపాయలు.*

దశ 4: అజిమత్, ఒక్కో వైపుకు ఒక్కోలా

రికార్డు చేసిన యంత్రంలో హెడ్డు వంపు ఒకలా, మన డెక్కులో ఇంకోలా ఉంటుంది. ఆ కాస్త తేడాకే పై స్థాయిలన్నీ మాయమవుతాయి. టేపు పాడైపోయిందని జనం పారేసేవాటిలో చాలావరకు ఈ జబ్బువే.

1. హెడ్డు పక్క స్ప్రింగు ఉన్న స్క్రూ మీద నెయిల్ పాలిష్‌తో ఇప్పటి స్థానం గుర్తు పెట్టండి.
2. టేపు నడుపుతూ, ఎడమ కుడి కలిపి మోనోగా వినండి. ‘స’, ‘ష’ అక్షరాలు పదునెక్కేదాకా స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి. ఎటుతిప్పినా పావు చుట్టు దాటొద్దు.
3. పది సెకన్లు రికార్డు చేసి, రెండు ఛానళ్ల అలలను దగ్గరగా పెంచి చూడండి. ఒకటి వెనకబడి ఉంటే ఇంకా కుదరలేదన్నమాట.

మూడో మెట్టు వదిలేస్తే ఏమవుతుందో ఒక లెక్క. సెకనుకు 48,000 శాంపిళ్ల రికార్డింగులో రెండు ఛానళ్ల మధ్య 4 శాంపిళ్ల తేడా అంటే సెకనులో పన్నెండు వేల వంతు. రెండూ కలిపినప్పుడు 6,000 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటాయి. షెహనాయి పదునంతా ఆ ప్రాంతంలోనే.

టేప్‌రికార్డర్ మోనోది అయితే దాని ట్రాకు మన స్టీరియో హెడ్డు రెండు ట్రాకులనూ కప్పేస్తుంది. కాబట్టి రెండు ఛానళ్లలోనూ ఒకే ధ్వని ఉంటుంది. టేపు అంచు నలిగితే అంచు వైపు ఛానల్ ఆగి ఆగి వస్తుంది. అప్పుడు రెండూ కలపొద్దు, లోపలి వైపుది ఒక్కటే తీసుకోవాలి.

వీహెచ్‌ఎస్‌లో ఈ పని చేయొద్దు. అక్కడ ఆడియో హెడ్డు, కంట్రోల్ హెడ్డు ఒకే దిమ్మలో ఉంటాయి. అజిమత్ కోసం దాన్ని కదిపితే ట్రాకింగ్ చెడి బొమ్మ పోతుంది, వేగం పట్టే సర్వో కూడా తడబడుతుంది.

దశ 5: దించటం

అమరికలు: 48,000 హెర్ట్జ్, 24 బిట్, రెండు ఛానళ్లు. గరిష్ఠం సున్నాకు 12 డెసిబెళ్ల కింద. డాల్బీ ఆపేయాలి. ఇంటి టేప్‌రికార్డర్లలో డాల్బీ లేదు, ఇక్కడ ఆన్ చేస్తే ఉన్న కాస్త పదునూ పోతుంది. టైటిల్ ఉన్న నిమిషం ఒక్కటే కాకుండా మొత్తం వైపును ఏకబిగిన దించాలి. ముందూ వెనకా వచ్చే వార్తలు, ప్రకటనలు వేగం కొలవటానికి పనికొస్తాయి.

గదిలో పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఏదీ ఆన్‌లో ఉండకూడదు. ఇది చాలా ముఖ్యం, కారణం తర్వాతి దశలో.

వీహెచ్‌ఎస్‌కు హై-ఫై వీసీఆర్ వాడుతుంటే ఆడియో ఎంపికను ‘నార్మల్’లో పెట్టాలి. ఇళ్లలో వాడినవి ఎక్కువగా మోనో యంత్రాలు. వాటి ధ్వని టేపు అంచున ఉన్న ట్రాకులోనే ఉంటుంది. ఎంపిక ఆటోలో వదిలేస్తే, టేపు మీద చారలు వచ్చిన చోట వీసీఆర్ లేని హై-ఫై సంకేతం కోసం వెతికి టపటపమంటూ మారుతుంది. మొదట దించిన వీహెచ్‌ఎస్ మొత్తం ఇలాగే పాడై, మళ్లీ దించాల్సి వచ్చింది.

*మొత్తం ఇప్పటికి: 1,800 నిమిషాలు, నిమిషానికి 17.28 మెగాబైట్ల చొప్పున 31.1 గిగాబైట్లు.*

దశ 6: వేగం కొలవటం

మన టీవీ ప్రసారాలు వాడిన పాల్ పద్ధతిలో తెర మీది గీతలు సెకనుకు 15,625 సార్లు గీస్తారు. పిక్చర్ ట్యూబ్ టీవీ వెనక ఉండే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేగంతోనే సన్నగా ఈల వేస్తుంది. చిన్నపిల్లలకు పక్క గదిలోకి కూడా వినిపించే ఈల అదే. అది ప్రసార కేంద్రం పంపే సింక్ సంకేతానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి ఎంతో కచ్చితం. మంచి డెక్కుతో రికార్డు చేసి ఉంటే, ఆ ఈల పాటతోపాటే టేపులోకి ఎక్కింది. ఇవాళ దాన్ని కొలిస్తే టేపు ఎంత తప్పు వేగంతో నడుస్తోందో తెలిసిపోతుంది.

కొలిచే పద్ధతి, ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ ప్రోగ్రాంలో:

1. టైటిల్ ఉన్న ముక్కను ఎంచుకోండి. విశ్లేషణ మెనూలో స్పెక్ట్రం గీయమనండి. పరిమాణం 65,536, విండో హాన్.
2. 15,000 నుంచి 16,200 మధ్య విడిగా నిలబడిన శిఖరం కోసం చూడండి.
3. 15,625ను ఆ అంకెతో భాగించండి. వచ్చిందే సవరణ.

ఒక సీ-90లో మహాభారత్ టైటిల్ దగ్గర ఈల 15,281 వచ్చింది. 15,625 ÷ 15,281 = 1.02251. పాట దాదాపు 2.2 శాతం నెమ్మదిగా నడుస్తోందన్నమాట. ఒక స్వరస్థానంలో నూరో వంతును సెంటు అంటారు. ఈ తేడా 38.5 సెంట్లు. మహేంద్ర కపూర్ గొంతు ఆ మేరకు బరువెక్కి, మత్తుగా వినిపిస్తోంది. సవరించాక ఆ ఉధృతి తిరిగొచ్చింది. ఈ ప్రాజెక్టులో ఇంతకంటే విలువైన సవరణ ఇంకోటి లేదు.

‘వేగం, శ్రుతి కలిపి మార్చు’ అనే ఎఫెక్టే వాడాలి. శ్రుతిని మాత్రమే మార్చేవి, వేగాన్ని మాత్రమే మార్చేవి ధ్వనిని ముక్కలు చేసి అతుకుతాయి, తాళం దెబ్బలు చెదురుతాయి. సాక్స్ ప్రోగ్రాంలో స్పీడ్ ఆదేశానికి ఐదు దశాంశాల దాకా ఇవ్వొచ్చు.

శిఖరం సూదిమొనలా ఉండదు. ఫ్లటర్ వల్ల 20 హెర్ట్జ్ అటూ ఇటూ పరుచుకుంటుంది, నడిమిది తీసుకోవాలి. పరుచుకోకుండా సూదిలా నిలబడి సరిగ్గా 15,625 దగ్గరే ఉంటే అది టేపులోది కాదు. గదిలో నడుస్తున్న టీవీదో, వీసీఆర్ లోపలి నుంచి కారుతున్నదో. దాన్ని కొలబద్దగా తీసుకుంటే ‘తేడా ఏమీ లేదు’ అని వస్తుంది. గదిలో టీవీ ఉండొద్దన్నది ఇందుకే.

ఒకే వైపులో కూడా వేగం మారుతుంది. ఆ సీ-90లో మొదట 15,301, నడుమ 15,281, చివర 15,244. చుట్ట బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారటమే కారణం. నిమిషం, నిమిషంన్నర టైటిల్‌కు ఒక సవరణ చాలు, కానీ ఏ పాటకు ఆ పాట దగ్గరే కొలవాలి.

*రెండో కొలబద్ద.* చవక టేప్‌రికార్డర్ల మైకులు 8,000 హెర్ట్జ్ దాటి పట్టవు. వాటిలో ఈల ఉండదు. అప్పుడు టీవీ స్పీకర్‌లోంచి వచ్చే జుమ్మనే చప్పుడు ఆదుకుంటుంది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చినప్పుడు బొమ్మ సంకేతం ధ్వనిలోకి చొరబడటం వల్ల వస్తుంది ఇది. టైటిల్స్ నడిచేటప్పుడే అక్షరాలు ఎక్కువ కాబట్టి, మనకు కావాల్సిన చోటే ఈ చప్పుడు బలంగా ఉంటుంది. ఇది ఫీల్డు వేగం, సరిగ్గా 50 హెర్ట్జ్, దానికి 100, 150, 200 అంటూ గుణిజాలు. 50 దగ్గర కొలవొద్దు. పై అమరికతో ఒక్కో గడి 0.73 హెర్ట్జ్, 50 మీద అది ఒకటిన్నర శాతం తప్పు. ఇరవయ్యో గుణిజం, అంటే 1,000 దగ్గర కొలిస్తే తప్పు 0.07 శాతానికి దిగుతుంది.

*నమ్మకూడని కొలబద్ద.* కరెంటు సరఫరా వల్ల ధ్వనిలోకి ఎక్కే గుయ్యిమనే మోత, అంటే హమ్, కూడా 50 హెర్ట్జే కదా అని దానితో సరిచేయబోతే దెబ్బతింటాం. 1990ల్లో దక్షిణ గ్రిడ్ మీద లోడు ఎక్కువై ఫ్రీక్వెన్సీ 50కి బాగా దిగువన, 48.5 చుట్టూ నడవటం మామూలు. 2003 జనవరిలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ వచ్చాకే కుదుటపడింది. పై మహాభారత్ టేపులో ఈలతో సరిచేసిన తర్వాత చూస్తే హమ్ రెండో గుణిజం 97.2 వచ్చింది. అంటే ఆ పూట గ్రిడ్ 48.6. హమ్‌నే 100 అనుకుని సరిచేసి ఉంటే పాట 49 సెంట్లు, దాదాపు అర స్వరస్థానం, పైకి పోయేది. ఐరోపా, అమెరికాల వాళ్లు రాసిన సలహాల్లో హమ్‌ను వాడమని ఉంటుంది. వాళ్ల గ్రిడ్లకు అది చెల్లుతుంది, మన పాత టేపులకు చెల్లదు.

*బ్యాటరీ టేప్‌రికార్డర్.* బ్యాటరీ అయిపోతున్నప్పుడు రికార్డు చేసిన ఒక సురభి టైటిల్ వింటుండగానే శ్రుతి పెరుగుతూ పోతోంది. రికార్డింగులో టేపు నెమ్మదించింది, ఇప్పుడు మామూలు వేగంతో నడిపితే పాట పరిగెడుతుంది. ఇరవయ్యో గుణిజం మొదట్లో 998, చివర్లో 1,018. ఒకే సవరణ ఇస్తే ఏదో ఒక కొస తప్పుతుంది. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ పెట్టి, పది సెకన్లకొక బిందువు చొప్పున కొలిచిన వేగం ఇచ్చాం. మొదటిసారి మౌసుతో బిందువులు సరిగా నిలవక పాట ఊయల ఊగినట్టు వచ్చింది. ట్రాక్ పరిధిని 95 నుంచి 105 శాతానికి కుదించాక చేయి కుదిరింది.

*వీహెచ్‌ఎస్.* దీనిలో కంట్రోల్ ట్రాకును చూసి సర్వో వేగం పట్టి ఉంచుతుంది కాబట్టి సగటు వేగం సరిగ్గానే ఉంటుంది. ధ్వని పరిధి తక్కువ, 10,000 హెర్ట్జ్ దాటి పెద్దగా ఉండదు. కానీ శ్రుతికి ప్రమాణం ఇదే. ఒకే టైటిల్ క్యాసెట్, వీహెచ్‌ఎస్ రెండిటిలోనూ ఉంటే శ్రుతి వీహెచ్‌ఎస్ నుంచి తీసుకోవాలి.

డిస్కుల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న వాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త. ఫిల్ము మీద సెకనుకు 24 ఫ్రేములతో తీసినదాన్ని మన 25 ఫ్రేముల టీవీలో వేస్తే పాట 4.17 శాతం, అంటే 71 సెంట్లు, పైకి పోతుంది. టీవీ చూసినవాళ్ల చెవిలో నిలిచింది ఆ పై శ్రుతే. డిస్కుతో కలవలేదని టేపును కిందికి దించొద్దు.

*మొత్తం ఇప్పటికి, 16 క్యాసెట్లలో: ఈల దొరికినవి 4, జుమ్మనే చప్పుడు దొరికినవి 9, ఏదీ దొరకనివి 3.*

దశ 7: హమ్, నకళ్లు

రెడీమేడ్ 50 హెర్ట్జ్ హమ్ ఫిల్టర్ వేస్తే హమ్ అలాగే మిగిలి, మృదంగం అడుగు ధ్వని పోయింది. కారణం పైనే ఉంది: టేపులోని హమ్ 48.6 మీద ఉంది. పైగా ఒక్కో టేపులో రెండు హమ్‌లు ఉంటాయి. ఒకటి అప్పట్లో టేపులోకి ఎక్కినది, ఇంకొకటి ఇవాళ మన డెక్కు తీగల్లోంచి వస్తున్నది. వరుస ఇలా:

1. ఇవాళ్టి హమ్‌ను ఫిల్టర్‌తో కాకుండా తీగల్లోనే ఆపాలి. డెక్కు, కంప్యూటర్ ఒకే ప్లగ్ బోర్డు మీద పెట్టటం, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి నడపటం. దీంతోనే పోయింది.
2. వేగం సవరణ.
3. ఆ తర్వాత టేపులోని హమ్‌ను కొలిచి, వచ్చిన అంకె మీద, దాని రెండు మూడు గుణిజాల మీద సన్నటి నాచ్, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే ఫిల్టర్.
4. ఈల అవసరం తీరింది కాబట్టి 15,625 మీద ఒక నాచ్.

ఇక నకళ్లు. మహాభారత్ టైటిల్‌కు వేర్వేరు వారాలవి నాలుగు దొరికాయి. గరగర ఒక్కో నకలులో ఒక్కోలా ఉంటుంది, పాట మాత్రం ఒక్కటే. నాలుగూ కలిపి సగటు తీస్తే లెక్క ప్రకారం గరగర 6 డెసిబెళ్లు తగ్గాలి. కలిపి చూస్తే పాట డ్రమ్ములోంచి పాడినట్టు బోలుగా వచ్చింది. ఫ్లటర్ వల్ల నకళ్లు ఒకదానికొకటి సెకనులో వెయ్యో వంతు దాకా జరుగుతూ ఉంటాయి. అంత జరిగితే 500 హెర్ట్జ్ నుంచే ఒకదాన్నొకటి కొట్టేసుకోవటం మొదలవుతుంది. ప్రతి అర సెకనుకూ మళ్లీ వరస కలిపినా, గొంతు నిలబడింది కానీ తాళాల మెరుపు రాలేదు.

సగటు వదిలేసి అతుకుల పద్ధతి పట్టాం. నాలుగింటిలో మంచిదాన్ని తల్లి నకలుగా పెట్టి, దానిలో ధ్వని ఆగిన చోట, కుక్కర్ కూత పడిన చోట, తలుపు చప్పుడు పడిన చోట మాత్రమే ఇంకో నకలు నుంచి అంత ముక్క తెచ్చి, రెండు పక్కలా 15 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్‌తో అతికించాం. అతుకు తాళం దెబ్బ మీద పడేలా చూస్తే చెవికి తెలియదు. నిలబడిన స్వరం మధ్యలో పెడితే తప్పకుండా తెలుస్తుంది.

టేప్‌రికార్డర్లలో ఉండే ఆటోమేటిక్ లెవెల్ వల్ల టైటిల్ మొదటి రెండు సెకన్లు పగిలి, తర్వాత ధ్వని కుంగి, నెమ్మదిగా లేస్తుంది. కుంగినదాన్ని ఎన్వలప్‌తో లేపొచ్చు. పగిలినది బాగుపడదు. ఏదైనా నకలులో టైటిల్‌కు ముందు వేరే కార్యక్రమం గట్టిగా నడుస్తూ ఉండి, టైటిల్ మొదలు పగలకుండా ఉంటే ఆ రెండు సెకన్లు అక్కడి నుంచి తెచ్చుకోవాలి.

*మొత్తం ఇప్పటికి: దొరికిన టైటిల్ ముక్కలు 41, వేర్వేరు పాటలు 14.*

దశ 8: గరగర తగ్గించటం

ఇక్కడే చాలామంది పాటను చంపేస్తారు. నాయిస్ రిడక్షన్ 18 డెసిబెళ్ల దగ్గర పెడితే దూరదర్శన్ బాణీలో షెహనాయి ఊపిరి, సితార్ తీగ మోగి ఆగే తోక రెండూ పోయి, నీళ్లలోంచి వచ్చినట్టు బుడగలు మిగిలాయి. 12 దగ్గర మాల్గుడి డేస్‌లో ఆలాపన ఆగిన ప్రతిసారీ వెనక గరగర కూడా ఆగి, మళ్లీ పాటతోపాటే లేస్తోంది. ఆ ఎగుడుదిగుడు గరగర కంటే ఎక్కువ విసిగిస్తుంది. 6 డెసిబెళ్లు, ఒకే ఒక్కసారి. అంతకు మించి ఏ పాటకూ వేయలేదు.

నమూనా గరగర తీసుకునేటప్పుడు కనీసం మూడు సెకన్లు ఉండాలి. సీలింగ్ ఫ్యాను కింద రికార్డు చేసినవాటిలో గాలి చప్పుడు రెక్కల లయలో పెరిగి తగ్గుతుంది, అర సెకను నమూనా ఇస్తే పని చేయదు. నమూనా టైటిల్‌కు వెంటనే ముందున్న నిశ్శబ్దం నుంచే తీయాలి.

ఈక్వలైజర్‌లో: మైకుతో పట్టినవాటికి 80 హెర్ట్జ్ కింద కోత, 8,000 పైన ఏమీ పెంచొద్దు, అక్కడ గరగర తప్ప పాట లేదు. టీవీ డబ్బా మోగటం వల్ల ఉబ్బిన ప్రాంతం ఒకటి ఉంటుంది, మా టేపుల్లో అది 350 దగ్గర. అక్కడ 3 డెసిబెళ్లు తగ్గిస్తే మాట తేటపడుతుంది. వీహెచ్‌ఎస్‌కు 11,000 పైన కోత.

శుభ్రం చేయనిదాన్ని ఎప్పుడూ చెరపొద్దు. ప్రతి టైటిల్‌కూ రెండు ఫైళ్లు: వేగం మాత్రమే సరిచేసినది ఒకటి, శుభ్రం చేసినది ఒకటి. మొదటిదాంట్లో ఫ్యాను ఉంటుంది, ‘ఒరేయ్ సౌండు పెంచు’ అనే కేక ఉంటుంది. ఆ పాట మన ఇళ్లలో వినిపించింది అలాగే కాబట్టి అది కూడా దాచుకోవాల్సిందే, పైగా శుభ్రం చేసే పద్ధతులు రేపు మెరుగైతే మళ్లీ దాని నుంచే మొదలుపెట్టాలి.

దశ 9: పేర్లు, హక్కులు, మిగిలిన పని

ఫైలు పేరులోనే వివరం ఉండాలి: సీరియల్, ఛానల్, టేపు సంఖ్య, వైపు, నిమిషం, వాడిన కొలబద్ద, సవరణ. ఉదాహరణకు: మహాభారత్_దూరదర్శన్_క్యా07_బి_12ని_ఈల_1.02251. సవరణ అంకె రాసి ఉంటే ఎవరైనా వెనక్కి తిప్పి చూసుకోగలరు. దాచటానికి ధ్వని ఏమీ పోని ఫ్లాక్ ఫైలు, ఫోనులో వినటానికి ఎంపీ3. మూల ఫైళ్ల నకలు ఇంకో ఇంట్లో ఉన్న డిస్కులో.

మన దేశంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. వీటిలో దేనికీ ఆ గడువు ఇంకా తీరలేదు కాబట్టి దించినవి ఇంట్లో వినటానికే. మీ టేపులో ఎక్కడా లేని కార్యక్రమం దొరికితే ప్రసార భారతి ఆర్కైవ్స్‌కు తెలియజేయటం మంచిది.

*మొత్తం: 14 పాటల్లో పూర్తయినవి 11. ఖర్చు 6,830 రూపాయలు.*

మిగిలిన మూడు పాటలు కొలబద్ద దొరకని మూడు క్యాసెట్లలోవి. వాటిలో ఋతురాగాలు టైటిల్‌కు ఒక వీహెచ్‌ఎస్ నకలు ఉంది, మొదట్లో ధ్వని పోయి ఉంది కానీ శ్రుతి చూడటానికి చాలు. నిలకడగా ఉన్న ఒకే స్వరాన్ని రెండిటిలో కొలిస్తే వీహెచ్‌ఎస్‌లో 293.7, క్యాసెట్‌లో 286.1. సవరణ 1.0266. ఇంకో రెండు మూడు స్వరాల దగ్గర కూడా అదే నిష్పత్తి వస్తే ఖాయం చేస్తాం. రెండో పాట అంతా కీబోర్డుతో చేసింది. ఆ కాలపు కీబోర్డులు ఫ్యాక్టరీ నుంచి 440 శ్రుతితో వస్తాయి, వాయించినవాళ్లు మార్చి ఉండకపోతే దగ్గరలోని స్వరస్థానానికి జరిపితే సరిపోతుంది, ఫైలు పేరులో ‘అంచనా’ అని రాసి. మూడోది హార్మోనియం, గొంతు. హార్మోనియం శ్రుతి పెట్టెకో తీరు, దాన్ని 440కి లాగే హక్కు మనకు లేదు. ఆ క్యాసెట్ రెండో వైపు మొత్తం ఇంకా కొలవాల్సి ఉంది. ఎక్కడైనా ప్రసారానికి ముందు కలర్ బార్లతో వచ్చే 1,000 హెర్ట్జ్ టోను ఒక్క సెకను దొరికినా చాలు.